చూసిపోవడానికి మాత్రమే

జనవరి 12

అక్కా,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. నేను ఫోన్ పట్టుకోగానే గువ్వ వచ్చి పక్కన కూర్చుంటుంది. మాట్లాడదు గానీ ప్రతి ముక్కా వింటుంది. మొన్న నువ్వు "పిల్లని నా దగ్గరికి పంపించెయ్, నేను పెంచుకుంటాను" అన్నప్పుడు నీ గొంతు బయటికి వినపడింది. ఆ పూట అన్నం ముట్టుకోలేదు. తన బొమ్మల సంచీని మంచం కిందికి తోసి దాచేసింది. అది కనపడకపోతే తనని పంపించలేమని అనుకుందో ఏమో.

అందుకని ఆ మాట ఇంకెప్పుడూ అనకు. దానికి ఐదేళ్ళు. తల్లి పోయి ఐదు నెలలు. ఇప్పుడు తండ్రి కూడా విమానమెక్కించి పంపేశాడని దాని మనసులో పడితే ఎవరం తుడవలేం.

బడిలో టీచరమ్మ పిలిపించింది. "ఇంట్లోనైనా మాట్లాడుతుందా?" అని అడిగింది. "నాతో బాగానే మాట్లాడుతుందండీ" అని అబద్ధమాడాను. నాతో కూడా మూడు మాటలే. ఆకలి, వద్దు, నిద్ర. నేను పొద్దున్న ఏడింటికి బయల్దేరితే ఏ భవనంలో ఏ లిఫ్టు ఆగిపోతే అక్కడికి పరిగెత్తాలి. సాయంత్రం వరకు పక్కింటి ముసలావిడ చూసుకుంటోంది. ఆవిడకి చెవుడు, దీనికి మౌనం. ఇద్దరికీ చక్కగా కుదిరింది.

నేను వచ్చేద్దామంటే కంపెనీతో ఇంకా రెండేళ్ళ ఒప్పందం ఉంది. నువ్వే రా అక్కా. టూరిస్టు వీసా మూడు నెలలకి ఇస్తున్నారు. మా మేస్త్రీ అత్తగారు అలాగే వచ్చి వెళ్ళింది. నీకు ఆఫీసు ఉందని తెలుసు. అయినా అడుగుతున్నాను. ఇంకెవర్ని అడగను?

తమ్ముడు


జనవరి 20

ఒరేయ్ పెద్దమనిషీ,

నీ ఉత్తరంలో ఏడు తప్పులున్నాయి. పందొమ్మిదేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్న అక్కకి రాసేటప్పుడైనా ఒత్తులు పెట్టు. నీకు అక్షరాలు దిద్దించింది నేనే. బయటికి తెలిస్తే నా పరువు పోతుంది.

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తప్పుల కోసం. రెండోసారి మంచం కింద సంచీ దగ్గర ఆగిపోయాను. పంపించమనడం నా తప్పే. పిల్లంటే సామాను కాదు కదా. నాకు తట్టలేదు.

వస్తున్నాను. ఆఫీసులో పెద్దాయన సెలవు ఇవ్వనన్నాడు. కొత్త పాఠ్యపుస్తకాలు అచ్చుకి వెళ్ళే రోజులు. ఏడో తరగతి సామాన్యశాస్త్రం మొత్తం నా మెడకే చుట్టారు. చివరికి లాప్‌టాప్ పట్టుకెళ్ళి అక్కణ్ణుంచే చెయ్యమన్నాడు. రోజుకి నాలుగు గంటలు నాకొక మూల, ఒక బల్ల చూపించు చాలు. మిగతా సమయమంతా గువ్వది.

వీసా ఫారం నింపాను. పద్దెనిమిది పేజీలు. నువ్వు పుట్టినప్పుడు కూడా అమ్మని అన్ని ప్రశ్నలు అడిగి ఉండరు.

స్వెట్టర్లు ఎన్ని తేవాలో రాయి.

నీ అక్క


మే 6

తమ్ముడూ,

చేరాను. మూడు నెలలు తాళం పెట్టి ఉంచిన ఇల్లంతా దుమ్ము. మెట్ల మీదే పక్కవాటా ఆవిడ "ఏంటండీ, ఇలా చిక్కిపోయారు" అంది. నిజానికి లావెక్కాను. చూడ్డం మానేసి పలకరించే మనిషి ఆవిడ.

విమానంలో ఏం చేశానో తెలుసా? గువ్వ మాట్లాడిన మాటలన్నీ కాగితం మీద రాసుకున్నాను. నేను వచ్చిన పద్దెనిమిదో రోజున మొదటి మాట. నేను పని చేసుకుంటుంటే బల్ల కింద కూర్చుని, తెర మీదున్న కప్ప బొమ్మ చూసి "దీనికి చెవులేవి?" అంది. నేను కదల్లేదు. కదిలితే మాట ఎగిరిపోతుందేమోనని భయం. "లోపల ఉంటాయే" అన్నాను తల తిప్పకుండా. "నాకూ లోపల ఉంటే బాగుండు" అంది. చెవులు బయటుంటే అన్నీ వినాల్సి వస్తుందట. ఐదేళ్ళ పిల్ల అనాల్సిన మాటేనా అది?

ఏప్రిల్‌లో జరిగినదాని గురించి ఇక్కడికొచ్చాక రాద్దామనుకున్నాను. ఆ రోజు పెద్దాయన మీటింగు పెట్టాడు. చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నాయి, ఫోన్ మూగబోయి ఉంది. బడి నుంచి ఆరుసార్లు చేశారు. పిల్లని తీసుకురావాల్సిన వేళ దాటి గంటన్నర అయిందని నాకు తెలియలేదు. నువ్వు ఎక్కడో లిఫ్టు మధ్యలో వదిలేసి పరిగెత్తావు. ఇంటికొచ్చి "పిల్ల కోసం వచ్చావా, పుస్తకాల కోసం వచ్చావా?" అన్నావు.

తప్పు నాదే. నేనేం మనసులో పెట్టుకోలేదు. పెట్టుకోలేదని రాయాల్సి వచ్చిందంటే కొంచెం పెట్టుకున్నట్టే అనుకో.

పిల్ల ఏం చేస్తోందో రాయి. తప్పులున్నా ఫరవాలేదు.

అక్క


మే 15

అక్కా,

ఆ రోజు అన్న మాట నోరు జారి వచ్చింది. బడి గేటు దగ్గర అది నన్ను చూడగానే ఏడవలేదు. అదే నన్ను కాల్చేసింది. ఎవరూ రారని ముందే తీర్మానించుకున్నట్టు ముఖం పెట్టుకుని నిలబడింది. ఆ కోపం నీ మీద తీర్చుకున్నాను. తర్వాత రెండు వారాలు నువ్వు నాతో పొడిపొడిగా మాట్లాడుతుంటే సారీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. మన ఇద్దరివీ ఒకే మొండి బుర్రలు.

గువ్వ బాగానే ఉంది. బడిలో మాట్లాడుతోందని టీచరమ్మ చెప్పింది. ఎంత మాట్లాడుతోందంటే, నిన్న పక్కన కూర్చున్న పిల్లతో మాట్లాడిందని శిక్ష కూడా వేసిందట. ఆ శిక్ష చీటీని నేను దాచుకున్నాను.

రోజూ అడుగుతోంది, అత్త ఎప్పుడొస్తుందని. జూలైలో బడికి సెలవులు. మళ్ళీ రా అక్కా. వచ్చినప్పుడల్లా మూడు నెలలే ఉండనిచ్చినా, పాత వీసా ఏడాది చెల్లుతుంది కదా.

తమ్ముడు


జూన్ 10

ఒరేయ్,

టికెట్ తీసుకున్నాను. జూలై 9, పగలు పదకొండు గంటలకి దిగుతాను. ఎనిమిదో తరగతి పుస్తకం చివరి ప్రూఫులు వెంట తెస్తున్నాను, పెద్దాయన ఊపిరాడనివ్వడు. కానీ ఈసారి మీటింగులకి రానని చెప్పేశాను. బడి సెలవులే కాబట్టి నీకు ఆ భయం కూడా లేదు.

గువ్వకి చెప్పు. కాదు, చెప్పకు, నేనే ఫోన్లో చెబుతాను. కాదులే, నువ్వే చెప్పు. ఎగురుతుందా, ఊరుకుంటుందా, ఏం చేసిందో నాకు రాయి.

ఈ వయసులో నాకోసం ఒకరు ఎదురు చూస్తున్నారంటే ఎలా ఉందో తెలుసా? నలభై ఏడేళ్ళు నేనే అందరి కోసం ఎదురు చూశాను.

తొందరలో,
అక్క


జూలై 12

అక్కా,

"క్షేమంగా చేరాను" అని రెండే రెండు మాటలు పంపించి ఊరుకున్నావు. ఏం జరిగిందక్కా? ఫోన్ ఎత్తవు. నాకు పిచ్చెక్కుతోంది.

మా సంగతి చెబుతాను. పది గంటలకే విమానాశ్రయానికి వెళ్ళాం. గువ్వ కొత్త గౌను వేసుకుంది. అట్ట మీద "అత్త" అని రాసి పట్టుకుంది. త-వత్తు నేను పెడతానంటే ఒప్పుకోలేదు, తనే పెట్టుకుంది. నీ విమానంలో వాళ్ళంతా వచ్చేశారు. పెట్టెలు తోసుకుంటూ, కౌగిలించుకుంటూ వెళ్ళిపోయారు. పన్నెండైంది, ఒంటిగంటైంది. ఆడమనిషి ఎవరు బయటికొచ్చినా గువ్వ అట్ట పైకెత్తేది.

రెండింటికి నాకు ఫోన్ వచ్చింది. లోపల్నుంచి అధికారి. ఆవిడ మీకేమవుతుంది, ఎన్నాళ్ళుంటుంది, ఏం చేస్తుంది అని అడిగాడు. నువ్వు మాకు భారమవుతావేమోనని వాళ్ళ అనుమానం అనుకున్నాను. నీ గురించి గొప్పగానే చెప్పాను. "మా అక్క ఊరికే కూర్చునే మనిషి కాదండీ. నా కూతుర్ని చూసుకుంటూనే రోజూ తన ఆఫీసు పని కూడా చేసుకుంటుంది. పోయినసారి మూడు నెలలూ ఒక్క రోజు మానలేదు. ఒకరి మీద ఆధారపడే అవసరం ఆవిడకి లేదు" అన్నాను. అతను థాంక్యూ అని పెట్టేశాడు. ఇంక పది నిమిషాల్లో వదిలేస్తారులే అనుకున్నాను.

నాలుగింటికి ఒకమ్మాయి వచ్చి, ఆవిణ్ణి తిరుగు విమానం ఎక్కించేస్తున్నారు, మీరు వెళ్ళిపోవచ్చు అంది. ఒక్కసారి చూడనివ్వమన్నాను. కుదరదంది. గువ్వ బెంచీ మీద నిద్రపోయింది, అట్ట కింద పడిపోయింది. ఇంటికొచ్చాక లేచి "అత్త రాలేదా?" అంది. విమానం పాడైందని చెప్పాను.

వాళ్ళతో నువ్వేం మాట్లాడావక్కా? వాళ్ళ మీద విసుక్కున్నావా? నీకు కోపం వస్తే ఎదుటివాడు ఎవరో చూడవు. ఏదైనా రాయి.

తమ్ముడు


ఆగస్టు 14

తమ్ముడికి,

నెల రోజులు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో నాకే భయమేసింది.

అది కిటికీ లేని గది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకి గడియారం. ఎదురుగా ఒకావిడ, నా వయసే ఉంటుంది, మర్యాదగానే మాట్లాడింది. ఫోన్లో ఎవరో మన భాష తెలిసినతను ప్రతి మాటా మార్చి చెప్పేవాడు. "అమ్మగారూ, వీరు అడుగుతున్నారండి, మీరు ఇక్కడ ఏమి చేయుటకు వచ్చారండి" అని. ఆ పుస్తక భాష వింటే అంత బాధలోనూ దిద్దబుద్ధేసింది.

మేనకోడల్ని చూడ్డానికి అన్నాను. లాప్‌టాప్ తెరవమన్నారు. తెరిచాను. ఎనిమిదో తరగతి ప్రూఫులు. తిరిగి మా ఊరు వెళ్ళాక చూసుకునేవి అన్నాను. పోయినసారి వచ్చినప్పుడు ఇక్కడ పని చేశారా అని అడిగింది. లేదన్నాను. ఆవిడ బయటికి వెళ్ళింది. పావుగంటకి తిరిగొచ్చి ఒక్క మాట చెప్పింది. దాన్ని ఫోన్లో అతను మార్చి చెప్పాడు. "మూడు నెలలు ఒక్క రోజు మానలేదని మీ తమ్ముడుగారే తెలియజేసినారండి."

ఐదేళ్ళు ఆ దేశంలో అడుగు పెట్టకూడదు. పాస్‌పోర్టులో ముద్ర వేశారు. అప్పటికి గువ్వకి పదేళ్ళు దాటుతాయి.

పిల్ల కోసం వచ్చావా, పుస్తకాల కోసం వచ్చావా అని నువ్వు అన్నదానికి నేను జవాబు చెప్పలేదు. నా బదులు నువ్వే వాళ్ళకి చెప్పావు. కడుపులో అంత పెట్టుకుంటావనుకోలేదు.

ఇంక రాయడానికేం లేదు.


ఆగస్టు 17

అక్కా,

నీ ఉత్తరం పని దగ్గర చదివాను. లిఫ్టు గుంతలో కూర్చుండిపోయాను. పైనుంచి మేస్త్రీ అరుస్తున్నాడు, నాకు వినపడలేదు.

నాకు తెలియదక్కా. గువ్వ మీద ఒట్టు. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళు తమ ఆఫీసు పని తాము చేసుకోకూడదని నాకెవరు చెప్పారు? ఇక్కడ ఎవరి దగ్గరా పనికి కుదరకూడదు అంతే అనుకున్నాను. నువ్వు కిటికీ పక్కన కూర్చుని నీ పుస్తకాలు దిద్దుకుంటే ఈ దేశానికి వచ్చిన నష్టమేంటో ఇప్పటికీ నా బుర్రకెక్కడం లేదు. వాళ్ళు అడిగినప్పుడు నేను నిన్ను పొగుడుతున్నాననే అనుకున్నాను. నా జీవితంలో నిన్ను ఎవరిముందైనా పొగిడింది అదొక్కసారే. అది ఇలా అయింది.

నేను నిన్ను పట్టిచ్చాననుకున్నావా? నన్ను చంకనేసుకుని పెంచినదానివి. నెల రోజులు అలా అనుకుంటూ అన్నం ఎలా తిన్నావక్కా?

ఒక్కటి అడుగుతాను. నీకు ముందే తెలుసా, తెలియదా? లేదని వాళ్ళతో అబద్ధమాడావంటే తెలిసే ఉండాలి. తెలిస్తే నాకెందుకు చెప్పలేదు? ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రోజు ఫోన్లో ఏం చెప్పాలో నాకు తెలిసేది.

గువ్వ బడికి వెళ్తోంది. మాట్లాడటం మానలేదు, కానీ నీ పేరెత్తడం మానేసింది. నేనెత్తితే లేచి వెళ్ళిపోతుంది.

తమ్ముడు


ఆగస్టు 30

నాన్నా,

చిన్నప్పుడు నిన్ను అలాగే పిలిచేదాన్ని. ఇవాళ అలా రాయబుద్ధేసింది.

తెలుసురా. ముందే తెలుసు. ఫారం పదకొండో పేజీలో ఉంది, "ఈ కాలంలో నేను ఏ విధమైన పనీ చేయను" అని, పక్కన చిన్న గడి. దాన్ని రెండుసార్లు చదివాను. పెద్దాయనకి చూపించాను. "టూరిస్టుల పెట్టెలు విప్పి చూసేదెవడమ్మా, అందరూ చేసేదేగా" అన్నాడు. టిక్కు పెట్టాను. పుస్తకంలో ఒక్క చుక్క తేడా ఉంటే అచ్చు ఆపించే మనిషిని నేను. నా పేరు మీద వెళ్ళే కాగితంలో అబద్ధాన్ని కళ్ళారా చూసి వదిలేశాను.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు రావద్దంటావు. లేదా ఉద్యోగం మానేసి రమ్మంటావు. రెండోదానికే ఎక్కువ భయపడ్డాను. ఇంత ఆలస్యంగానైనా నిజం రాయనీ. సెలవు ఇవ్వనన్నప్పుడు రాజీనామా కాగితం పెట్టి రావొచ్చు. ఎవరూ ఆపేవాళ్ళు కాదు. కానీ పందొమ్మిదేళ్ళు అక్కడ ఆ కుర్చీ నాది. నాకు ఇల్లూ, మొగుడూ, పిల్లలూ లేకపోయినా ఫలానా పుస్తకంలో తప్పుల్లేవంటే అది నేనున్నందుకే. దాన్ని వదిలి వస్తే నేనెవర్ని? మీ ఇంట్లో పిల్లని చూసుకునే ఆడబిడ్డని. అలా ఉండటం నాకు నామోషీ అనిపించింది. ఇప్పుడు ఆ మాట రాయడానికి సిగ్గేస్తోంది. పిల్ల కోసం వచ్చావా, పుస్తకాల కోసం వచ్చావా అని నువ్వు సరిగ్గానే అడిగావు. రెండింటికీ వచ్చాను, రెండూ పోగొట్టుకున్నాను.

అవును, రెండోది కూడా. అక్కణ్ణుంచి ఆఫీసుకి ఏదో కాగితం వచ్చిందట. పెద్దాయన నన్ను పిలిచి, మీరు అక్కణ్ణుంచి పని చేసినట్టు మాకసలు తెలియదు కదమ్మా అన్నాడు, తేలు కుట్టిన దొంగలా ఎటో చూస్తూ. ఎనిమిదో తరగతి వేరేవాళ్ళకి ఇచ్చేశారు. నేను రాజీనామా రాసిచ్చాను. ఏడు నెలల ముందు రాయాల్సిన కాగితం. అదే సంతకం, అదే పేజీ. ఎందుకూ పనికిరాకుండా రాశాను.

నిన్ను అనుమానించిన నెల రోజులకి నన్ను క్షమించు. నువ్వు నిజం చెప్పావు. తప్పు అక్కడ లేదు.

గువ్వ నా పేరెత్తకపోతే ఎత్తించకు. విమానం పాడైందన్న మాట మాత్రం సరిదిద్దు. అత్త తప్పు చేసిందని, అందుకని రానివ్వలేదని చెప్పు. పిల్లలకి అబద్ధం చెబితే ఎప్పుడో మన చేతే బయటపడుతుంది.

అక్క


సెప్టెంబరు 9

అక్కా,

చెప్పాను. అంతా విని, "అత్త పుస్తకంలో తప్పులు దిద్దుతుంది కదా, ఇది దిద్దలేదా?" అంది. దిద్దడానికి వీల్లేని తప్పులు కొన్ని ఉంటాయన్నాను. 

నీ రాజీనామా సంగతి మూడుసార్లు చదివాను. నేను రమ్మనకపోతే ఇదంతా జరిగేది కాదు. నువ్వు కాదంటావు, తెలుసు. నన్ననుకోనీ.

ఇక్కడ వకీలుని కలిశాను. ఐదేళ్ళు ఐదేళ్ళేనట.

తమ్ముడు


మార్చి 3

అక్కా,

ఆరు నెలలుగా క్షేమసమాచారాలే రాసుకుంటున్నాం. ఇవాళ కబురుంది. కంపెనీ మూడు వారాల సెలవు ఇచ్చింది. మే నెలాఖరున వస్తున్నాం, నేనూ గువ్వా. దానికి ముందు పన్ను ఊడింది.

ఒక్కటే చెబుతున్నాను. అది నిన్ను చూడగానే పరిగెత్తుకొస్తుందని ఆశ పెట్టుకోకు. అప్పటికి నిన్ను చూసి ఏడాది దాటుతుంది. వస్తే సరే, రాకపోతే నొచ్చుకోకు.

నువ్వు ట్యూషన్లు చెబుతున్నావట కదా, పక్కవాటా ఆవిడ చెప్పింది ఫోన్లో. నువ్వు చిక్కిపోయావని కూడా చెప్పింది. అది నేను నమ్మలేదు.

తమ్ముడు


జూన్ 24

తమ్ముడూ,

మీరు వెళ్ళి తొమ్మిది రోజులైంది. గువ్వ చెప్పులు ఒక జత ఇక్కడే ఉండిపోయాయి, ఎలాగూ బిగుతయ్యాయి, పంపను.

నువ్వు చెప్పినట్టే అది పరిగెత్తుకు రాలేదు. నీ వెనక నిలబడి నమస్కారం పెట్టింది, తెలియనివాళ్ళకి పెట్టినట్టు. నేను నొచ్చుకోలేదు. నొచ్చుకోలేదని మళ్ళీ రాస్తున్నాను చూడు.

నీకు చెప్పని మాట ఒకటుంది. మొదటి రోజు సాయంత్రం నువ్వు స్నానానికి వెళ్ళావు. నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. అది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత, "అత్తా, నువ్వు ఇక్కడ ఎన్ని రోజులుంటావు?" అంది.

నవ్వొచ్చింది. "ఇది నా ఇల్లేనే తల్లీ, నేనెప్పుడూ ఇక్కడే ఉంటాను" అన్నాను.

అది వంటింటిని నాలుగు వైపులా చూసింది. పొయ్యినీ, గిన్నెల్నీ, కిటికీనీ. "ఎవరూ పంపించెయ్యరా?" అంది.

"పంపించరు" అన్నాను.

నమ్మలేదు. మీరున్న మూడు వారాలూ రోజూ పొద్దున్న, నువ్వింకా పడుకుని ఉండగానే, మెల్లగా నా గది తలుపు తోసి తొంగి చూసేది. నేనున్నానా లేదా అని. ఉన్నానని చూసుకుని, చప్పుడు కాకుండా వెళ్ళి మళ్ళీ నీ పక్కన పడుకునేది. మొదటి రోజు పలకరిద్దామనుకున్నాను. కానీ నేను చూశానని తెలిస్తే మానేస్తుందేమోనని నిద్ర నటించాను. ఆ తర్వాత రోజూ అంతే. దుప్పటి కప్పుకుని, కళ్ళు మూసుకుని, ఆ అడుగుల కోసం చెవులు పెట్టుకుని పడుకునేదాన్ని.

ఇప్పుడు తలుపు ఎవరూ తోయరు. తెల్లవారే మెలకువ వచ్చేస్తుంది. అయినా కాసేపు కళ్ళు తెరవకుండా అలాగే పడుకుంటున్నాను.

అక్క